కుడిచేతికి అప్పగించిన శనక్కాయలు

ఇంగ్లండులో పక్షవాతం వార్డులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నేను ఆరు వారాల సెలవు మీద కళ్యాణదుర్గం దగ్గరి మా ఊరికి వచ్చేసరికి, మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయి, కుడి చెయ్యీ కాలూ పడిపోయి, మా పెద్దనాయన రెండు నెలలుగా మంచం మీద ఉన్నారు. చూసుకునేవాళ్లకు ఇంట్లో కొదవ లేదు. సంగటి ముద్దను పెద్దమ్మ నోటికి అందిస్తుంది. కొడుకులిద్దరూ చెరొక చంక కింద చెయ్యి వేసి పైకి ఎత్తుతారు. ఆ ఎత్తడం చూసి నాకు గుండె ఝల్లుమంది. చచ్చుబడిన భుజంలో కీలును పట్టి ఉంచే కండరాలకు సత్తువ ఉండదు కాబట్టి, అలా ఎత్తినా, చెయ్యి పట్టి గుంజినా కీలు జారుతుంది. ఆ నొప్పి మొదలైందంటే మనిషి వ్యాయామానికే ఒప్పుకోడు.

అందుకే మొదట అన్నలకు నేర్పాను. పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి జరిపించి, ముక్కు కాలివేళ్లకు నేరుగా వచ్చేదాకా ముందుకు వంగమంటే, నడుము దగ్గర చిన్న ఆసరాతోనే పెద్దనాయన లేచి నిలబడ్డారు.

దెబ్బతిన్న మెదడు కొత్త దారులు వేసుకోవాలంటే ఒకే కదలికను వందలసార్లు చేయాలి. ఇంగ్లండులో వైద్య ప్రమాణాలను నిర్దేశించే నైస్ సంస్థ 2013లో ఒక్కొక్క చికిత్సకు రోజుకు కనీసం 45 నిమిషాలు ఉండాలన్నది, 2023లో అన్నీ కలిపి రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు ఉండాలని చెప్పింది. మా వార్డులో అంత సమయం ఇవ్వడానికి మనుషులం చాలము. ఇంకొక్క ఐదు నిమిషాలు ఉండమని నా చెయ్యి పట్టుకున్న ఒక ఒంటరి ముసలమ్మను వదిలి పక్క మంచానికి వెళ్లిన రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆమెకు దొరకని ఆ మూడు గంటలు మా పెద్దనాయన ఇంట్లో ఉన్నాయి. అయితే అవి ఆయన చేత చేయించడానికి కాక, ఆయనకు బదులు చేసిపెట్టడానికి ఖర్చవుతున్నాయి. వాడని చేతిని మెదడు వాడకుండా ఉండటానికే అలవాటు పడుతుందని ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాలతో ఏనాడో చూపించారు.

కుడి బొటనవేలిలో, చూపుడువేలిలో కాస్త కదలిక ఉండటం చూసి, చేటలో శనక్కాయలు పోసి ముందు పెట్టాను. బతుకంతా వేరుశనగ పండించిన మనిషికి ఆ కాయ ఎక్కడ నొక్కితే పగులుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాయ జారిపోతుంటే పెద్దమ్మ తట్టుకోలేక, "ఎందుకమ్మీ ఆయన్ను ఇట్లా అల్లాడిస్తావు, నేను ఒలుస్తా కదా" అని చెయ్యి చాచి, నా ముఖం చూసి వెనక్కి తీసుకుంది. పదకొండో రోజున ఒక కాయ టప్పున పగిలింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియోలో లెక్క చెప్పేది పెద్దమ్మే. పోయిన వారం నలభై ఒక్క కాయలు. ఈ వారం చేటను ఇంకొక జానెడు దూరం జరపమన్నాను.