రిజిస్టర్‌లో పై లైను

డేటా ప్రైవసీలో పనిచేస్తున్నానంటే చాలామంది "లా చదివారా?" అని అడుగుతారు. లేదు. బీఎస్సీ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్లో అయిదేళ్లు కూర్చున్నాను. ఆ కౌంటర్ మీది రిజిస్టరే నన్ను ఈ పనిలోకి తెచ్చింది.

రిపోర్టు తీసుకునేవాళ్లు అందులో సంతకం పెట్టాలి. పేరు, వయసు, ఫోన్ నంబరు, చేయించుకున్న టెస్టు, అన్నీ ఒకే వరుసలో. సంతకం పెట్టేవాళ్ల కళ్లు పై లైను మీద పడకుండా ఉండవు. ఒకరోజు ఒక అమ్మాయి వచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, నేను ప్రెగ్నెన్సీ టెస్టు చేయించుకున్నట్టు మా పక్కింటావిడకి ఎలా తెలిసింది?" అంది. పేజీ వెనక్కి తిప్పాను. ఆ అమ్మాయి పేరు కిందే పక్కింటావిడ సంతకం ఉంది. పెన్ను ఇచ్చి పెట్టించింది నేనే. టెస్టు పేరు రాసే గడి తీసేద్దామని మర్నాడు మేనేజర్‌ని అడిగితే, "ఎప్పట్నుంచో ఇలాగే నడుస్తోంది కదమ్మా" అన్నారు.

2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చన్న మాటే అంతటా వినిపించింది. నేను గెజిట్ కాపీ ప్రింట్ తీయించుకున్నాను. మొత్తం 44 సెక్షన్లు. రోజూ వంటయ్యాక నాలుగేసి చదివాను. ఒట్టి కాగితం రిజిస్టర్ ఈ చట్టం కిందికి రాదని తెలిసి మనసు చివుక్కుమంది. తర్వాత గుర్తొచ్చింది, రోజూ సాయంత్రం ఆ పేజీలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించేది మేమే. కంప్యూటర్లోకి ఎక్కించాక ఆ వివరాలకు చట్టం వర్తిస్తుంది. ఇంకో సంగతి, ఈ చట్టంలో మగైనా ఆడైనా వ్యక్తిని 'ఆమె' అనే రాశారు. చదివినంతసేపూ నాకు ఆ అమ్మాయే కళ్లముందు మెదిలింది.

అమీర్‌పేటలో కోర్సు కోసం అడిగితే సైబర్ సెక్యూరిటీ చూపించారు. రెండూ చుట్టాలే కానీ ఒకటి కాదు. తాళం గట్టిగా ఉందా అని చూసేది సెక్యూరిటీ. ఈ వస్తువు మన దగ్గర ఎందుకుంది, ఎన్నాళ్లుంచాలి, ఎవరెవరికి ఇస్తున్నాం అని అడిగేది ప్రైవసీ. ఇక్కడి కంపెనీల్లో యూరప్ క్లయింట్ల పని చాలా ఉంటుంది కాబట్టి అక్కడి డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ మీద, ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏపీపీ వాళ్లు పెట్టే సీఐపీపీ-ఈ అనే సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధమయ్యాను. నేను రాసినప్పుడు ఫీజు 550 డాలర్లు. చీటీ ఎత్తి కట్టాను. రెండున్నర గంటల్లో 90 ప్రశ్నలు, 500కి 300 రావాలి. ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టడం కంటే, ప్రతి ప్రశ్నలో ఈ కంపెనీ కంట్రోలరా (డేటా ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేది), ప్రాసెసరా (వాళ్ల తరఫున ఆ పని చేసిపెట్టేది) అని ముందు తేల్చుకోవడమే నాకు అక్కరకొచ్చింది. పాసయ్యాను.

సర్టిఫికెట్ వచ్చినా ఏడు నెలలు పిలుపు రాలేదు. రెజ్యూమేలో 'ఫ్రంట్ ఆఫీస్' అని ఉండటం చూసి పక్కన పెట్టేస్తున్నారనిపించింది. దాన్ని తిరగరాశాను: రోజుకు ఎంతమంది ఆరోగ్య వివరాలు నా చేతుల మీదుగా వెళ్లేవి, అవి ఎక్కడెక్కడికి చేరేవి అని. రాయదుర్గంలో ఒక కన్సల్టింగ్ కంపెనీ పిలిచింది. "కస్టమర్ తన డేటా తీసేయమంటే ఏం చేస్తారు?" అని అడిగారు. అడిగింది ఆ మనిషేనా అని ముందు నిర్ధారించుకుంటానన్నాను. తర్వాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ల్యాబ్ మెషీన్, బ్యాకప్, శాంపిల్ తెచ్చే కుర్రాడి వాట్సాప్, ఎవరి డెస్క్‌టాప్ మీదో మిగిలిపోయిన ఎక్సెల్, అన్నీ వెతుకుతానని, చట్టప్రకారం ఉంచి తీరాల్సినవి ఉంటే ఆ సంగతి కస్టమర్‌కి చెబుతానని అన్నాను. వాట్సాప్ మాటకి ఎదురుగా ఉన్నాయన పెన్ను తీసి రాసుకున్నారు.

మొదటి ఆరు నెలలూ ఏ విభాగంలో ఏ డేటా ఉంది, ఎందుకుంది అని షీట్లు నింపడమే పని. మెయిల్ పంపితే ఎవరూ నింపరు. వెళ్లి పక్కన కుర్చీ వేసుకుని, "మీరు రోజూ చేసేది చూపించండి సార్" అంటే అన్నీ బయటికొస్తాయి. ఈ రంగంలోకి వద్దామనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

2025 నవంబర్‌లో మన డేటా చట్టం రూల్స్ నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువుంది. సమ్మతి అడిగే నోటీసు తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లోనూ చదువుకునే వీలు కల్పించాలి. మా క్లయింట్ ఆసుపత్రికి తెలుగుది రాసే పని నాకొచ్చింది. ముందు వచ్చిన డ్రాఫ్టులో "మీ వ్యక్తిగత దత్తాంశమును సంసాధనము చేయుటకు" అని ఉంది. దాన్ని "మీ రిపోర్టు మీరిచ్చిన ఈ నంబరుకే పంపుతాం" అని మార్చాను. రాత్రి అత్తయ్యకి మొత్తం చదివి వినిపించాను. విని, "తర్వాత వద్దనుకుంటే ఎవరికి చెప్పాలమ్మా?" అని అడిగింది. ఆ వివరం చట్టప్రకారం ఉండాల్సిందే, ఉంది కూడా. కానీ ఆఖరి పేరాలో, చిన్న అక్షరాల్లో. మర్నాడు దాన్ని రెండో లైనుకి తెచ్చాను.