మేడమ్ నేర్పిన 30 సెకన్లు

నిద్ర జబ్బుల పని మాకు నేర్పిన మేడమ్ మీద తెస్తున్న సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు ఆమె పబ్లికేషన్ల లిస్టు తీసి ముందేసుకున్నా. ఒక్కో టైటిల్ చదువుతుంటే తెల్లవారుజామున స్లీప్ ల్యాబ్‌లో మానిటర్ వెలుగు, పేషెంట్ తలకి వైర్లు అంటించే పేస్ట్ వాసన మళ్ళీ గుర్తొచ్చాయి.

లిస్టులో మొదటిది చాలా చిన్నది, ఒకే ఒక్క పేషెంట్ గురించి. నిద్రలో కేకలేసి చేతులు విసిరే ఆయన, ఆయన కంటే ముందు భయపడి డాక్టర్ దగ్గరికి లాక్కొచ్చిన ఆయన భార్య. అది చిన్న కేస్ రిపోర్టే కదా అని మేము అంటే మేడమ్‌కి నచ్చేది కాదు.

ఆయన జబ్బు రెమ్ అనే నిద్ర దశలో వచ్చేది. ఈ రెమ్ నిద్ర గురించి 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ రాశారు, ఆ నిద్రలో కళ్ళు గబగబా కదుల్తాయి, ఒళ్ళు మాత్రం పూర్తిగా సడలిపోతుంది. మెదడు కాండంలో ఆ సడలింపుని నడిపే చోటు దెబ్బతింటే పిల్లులు నిద్రలోనే లేచి వేటాడినట్టు కదుల్తాయని తర్వాత జూవే చూపించాడు. మనుషుల్లో ఇదే జబ్బుగా 1986లో షెంక్, మహోవాల్డ్ రాశారు. మేడమ్ ఇవన్నీ చెప్పి బోర్డు మీద రెండు అంకెలు వేసేవారు, 38, 81. షెంక్ వాళ్ళు ఈ జబ్బున్న 29 మంది మగవాళ్ళని వదలకుండా చూస్తూ వస్తే 1996 నాటికి 38 శాతం మందికి పార్కిన్సన్ లాంటి జబ్బు వచ్చింది, 2013లో మళ్ళీ చూసేసరికి, వాళ్ళలో ఆచూకీ తెలిసినవాళ్ళలో దాదాపు 81 శాతం మందికి పార్కిన్సన్ లేదా మతిమరుపు జబ్బుల్లో ఏదో ఒకటి వచ్చేసింది. మధ్యలో ఆపేసి ఉంటే మనకి ఆ 38 ఒక్కటే మిగిలేది అనేవారు మేడమ్.

నా తప్పు ఒకటి చెప్పాలి. రాత్రి రికార్డింగ్‌ని 30 సెకన్ల ముక్కలుగా, అంటే ఎపోక్‌లుగా చూసి ఏది మెలకువో, ఏది ఏ నిద్ర స్టేజో గుర్తుపెట్టాలి, 8 గంటలకి 960 ఎపోక్‌లు. నేను స్పీడుగా లాగించేస్తున్నా. ఒకచోట ఈఈజీలో, అంటే మెదడు తరంగాల గీతలో, చిన్న చిన్న అలలు, గడ్డం దగ్గర కండరం గీత రెమ్‌లో అయితే సన్నగా ఉండాల్సింది దట్టంగా ఉంది, మెలకువ అని కొట్టేశా. వెనక నుంచి మేడమ్ వచ్చి పెన్సిల్ స్క్రీన్‌కి ఆనించి "కళ్ళ గీత చూశావా?" అన్నారు. చూస్తే రెమ్‌లో కదిలినట్టే కదుల్తున్నాయి. వీడియో పెడితే ఆయన గాఢంగా నిద్రలో ఉన్నారు, కుడిచెయ్యి మాత్రం గాల్లో దేన్నో పట్టుకోబోతున్నట్టు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది.

అలాంటివి ఇంకెన్ని వదిలేశానో అని మేడమ్ రికార్డులన్నీ మళ్ళీ, పేషెంట్ ఎవరో తెలియకుండా, ఇద్దరి చేత విడివిడిగా స్కోర్ చేయించారు, అంటే స్టేజీలు గుర్తుపెట్టించారు. పంపడానికి రెడీగా ఉన్న పేపర్ నెలల తరబడి ఆగిపోయింది, మేము చూపిద్దామనుకున్న తేడా కూడా బాగా తగ్గిపోయింది. తగ్గిన అంకెలతోనే పంపారు, నన్ను ఒక్క మాట అనలేదు, రాత్రంతా వైర్లు ఊడకుండా కాపు కాసిన టెక్నీషియన్ పేరు కూడా రచయితల్లో పెట్టారు. నాకు ఆ లిస్టులో అన్నిటికంటే ఇష్టమైన పేపర్ ఇప్పటికీ అదే.

నార్కోలెప్సీ మీద కూడా రాశారు. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు పోవడం వల్ల పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుందని 2000లో తేలేదాకా, ఆ పేషెంట్లలో ఎంతోమంది బద్ధకస్తులు అనిపించుకుని బతికారు. ఆ మాట చెప్పేటప్పుడు మేడమ్ గొంతు మారిపోయేది.

కానీ ఆమెని ఎక్కువ వేధించిన ప్రశ్న వేరే. నిద్రలో చేతులు విసిరే మనిషికి రేపు పార్కిన్సన్ రావచ్చని ఇవాళే చెప్పాలా? ఆపే మందు ఇంకా లేదు కదా, చెప్పి ఏం లాభం అని మాలో కొందరం. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు ఆ పేషెంట్‌నే అడగాలి, అడగకుండా మనమే డిసైడ్ చెయ్యకూడదు అని మేడమ్. నేను కూడా ఇప్పుడు అడిగాకే మొదలుపెడతా.

మొదటి కేస్ రిపోర్ట్‌లో ఉన్న ఆయన ఏళ్ళ తరబడి ఫాలో అప్‌కి వచ్చారు. ఒకరోజు ఆయన కారిడార్‌లో నడిచొస్తుంటే ఎడమచెయ్యి ఊగడం లేదని మాకంటే ముందు మేడమే గమనించారు, లోపలికి రాగానే కుర్చీ ఆమే లాగి వేశారు. తర్వాత వచ్చిన పెద్ద పేపర్‌లో ఆయన టేబుల్‌లో ఒక వరుస, వయసు, సంవత్సరాలు, పార్కిన్సన్ వచ్చిందా అనే చివరి గడిలో "అవును". ప్రూఫ్ చూస్తూ మేడమ్ ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు, ఆ తర్వాతే పేజీ తిప్పారు.