ప్లేయర్ మార్చండి, డిస్కులన్నీ మార్చక్కర్లేదు

ఇంటినిండా డీవీడీలు, కొన్ని బ్లూ-రేలు ఉన్నవాళ్లు ఈ మధ్య అందరూ అడిగేది ఒకటే: ఇప్పుడు ఇవన్నీ మళ్లీ 4కే డిస్కుల్లో కొనాలా? నా సమాధానం ముందే చెప్పేస్తాను. ప్లేయర్ మార్చండి, డిస్కులన్నీ మార్చక్కర్లేదు, ఈ రెండింటికంటే ముందు మీ టీవీ ఏపాటిదో చూసుకోండి. ఎందుకో చెప్పాలంటే కొన్ని అంకెల్లోకి వెళ్లక తప్పదు. కానీ అవి తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

1996లో వచ్చిన డీవీడీలో బొమ్మ 720 × 576 పిక్సెళ్లు, కొన్ని దేశాల్లో అయితే 720 × 480. మొదటి లెక్కన మొత్తం 4 లక్షల చిల్లర. 2006లో వచ్చిన బ్లూ-రే 1920 × 1080, అంటే 20 లక్షలు దాటింది, డీవీడీకి ఐదు రెట్లు. 2016లో అమ్మకానికి వచ్చిన 4కే డిస్క్, అదే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే, 3840 × 2160, దాదాపు 83 లక్షలు. ఇది బ్లూ-రేకి నాలుగు రెట్లు. అంకెల్లో చూస్తే రెండు మెట్లూ ఒకే ఎత్తు ఉన్నట్టు అనిపిస్తాయి గానీ కంటికి అలా ఉండదు.

మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. దీన్ని 55 అంగుళాల టీవీకి లెక్క వేస్తే బ్లూ-రేలోని ఒక్కో పిక్సెల్ విడిగా తెలిసేది సుమారు 7 అడుగుల లోపు కూర్చుంటేనే. అంతకంటే వెనక్కి జరిగితే బ్లూ-రేకీ 4కేకీ స్పష్టతలో తేడా దాదాపు పోతుంది. అదే డీవీడీ అయితే 10 అడుగుల దూరంలో కూడా మసకగానే ఉంటుంది, ముఖాల్లో వివరం ఉండదు, దూరంగా ఉన్న చెట్ల ఆకులన్నీ కలిసిపోతాయి. అందుకే నేను గట్టిగా చెప్పేది, డీవీడీ నుంచి బ్లూ-రేకి మారడం చూడగానే తెలిసే మార్పు. ఇప్పటికీ డీవీడీల్లోనే ఉన్నవాళ్లు, 4కేకి ఖర్చు పెట్టే ఉద్దేశం లేకపోతే, బ్లూ-రే దగ్గర ఆగిపోయినా నష్టమేమీ లేదు.

మరి 4కే డిస్క్ దేనికి? పిక్సెళ్ల కోసం కాదు, వెలుగు కోసం, రంగు కోసం. దీన్నే హెచ్‌డీఆర్ అంటున్నారు, నా దృష్టిలో ఈ ఫార్మాట్‌కి ప్రాణం అదే. తెర వెలుగుని నిట్లలో కొలుస్తారు. మామూలు బ్లూ-రేలో బొమ్మని 100 నిట్ల వెలుగుని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. 4కే డిస్క్ కోసం చేసే హెచ్‌డీఆర్ మాస్టర్ (డిస్కులకి మూలమైన ప్రతి) చాలావరకు 1000 నిట్లకి, కొన్నిసార్లు 4000 నిట్లకి చేస్తారు. సినిమా అంతా కళ్లు చెదిరేలా వెలిగిపోతుందని దీని అర్థం కాదు. మామూలు సన్నివేశం మామూలుగానే ఉంటుంది, అందులో దీపం, నీళ్ల మీద ఎండ, కత్తి అంచు మీద మెరుపు, ఇవి మాత్రమే పైకి లేస్తాయి. పాత పద్ధతిలో కిటికీ బయట వివరమేదీ లేకుండా తెల్లగా అయిపోయే ఆకాశం ఇందులో మేఘాలతో సహా కనిపిస్తుంది, చీకటి గది మూలలో ఉన్న కుర్చీ కూడా కనిపిస్తుంది, రెండూ ఒకే షాట్‌లో. రంగుల సంగతీ అంతే. బ్లూ-రేలో ఒక్కో మూల రంగుకి 256 స్థాయిలు ఉంటే ఇక్కడ 1024. సాయంత్రపు ఆకాశంలో నారింజ నుంచి నీలానికి వెళ్లేచోట చారలు చారలుగా కనిపిస్తాయి చూడండి, ఆ చారలు చాలావరకు పోతాయి. దీనికి కూర్చునే దూరంతో పని లేదు, గదిలో ఎక్కడి నుంచి చూసినా తెలుస్తుంది.

కానీ ఇక్కడే టీవీ మాట వస్తుంది. అట్టపెట్టె మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ టీవీ హెచ్‌డీఆర్ చూపించగలదని కాదు, ఆ సిగ్నల్‌ని తీసుకోగలదని మాత్రమే. చవక మోడళ్లు 300 నిట్లు కూడా దాటకపోవచ్చు, పైగా తెర వెనక లైటు మొత్తం ఒకేసారి వెలిగి ఒకేసారి తగ్గుతుంది. అలాంటి టీవీలో 4కే డిస్క్ పెడితే బొమ్మ బ్లూ-రే కంటే చీకటిగా, పాలిపోయినట్టు కనిపించొచ్చు, దానికి డిస్క్‌ని తిట్టుకుని లాభం లేదు. ఓఎల్ఈడీ టీవీలో ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెల్ విడిగా ఆరుతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపే. ఎల్‌సీడీ అయితే వెనక లైటుని భాగాలుగా తగ్గించే ఫుల్ అర్రే లోకల్ డిమ్మింగ్ ఉందా అని అడగండి. ఈ రెండింటిలో ఏదీ లేని టీవీ ఉంటే, ముందు ఆ డబ్బు టీవీలో పెట్టండి, డిస్కులు తర్వాత.

టీవీ బాగుంది సరే, ఇక ఏ సినిమా? దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన సినిమా నెగెటివ్‌లో బ్లూ-రేలో పట్టనంత వివరం ఉంటుంది. ఆ నెగెటివ్‌ని శుభ్రంగా 4కేలో స్కాన్ చేసి, రంగులు జాగ్రత్తగా సరిచేసి ఇస్తే పాత సినిమా కొత్త ప్రాణం పోసుకుంటుంది, యాభై అరవై ఏళ్ల కిందటి సినిమాలు సైతం. దానికి పూర్తి వ్యతిరేకంగా, 2000ల తర్వాత డిజిటల్‌గా ఎడిటింగ్, గ్రాఫిక్స్ చేసిన పెద్ద సినిమాలు ఎన్నో 2కే దగ్గరే పూర్తయ్యాయి. 2కే అంటే బ్లూ-రే కంటే కొద్దిగా ఎక్కువ, అంతే. వాటి 4కే డిస్క్ అంటే ఆ 2కే బొమ్మనే సాగదీసి ఇచ్చినది. హెచ్‌డీఆర్ వల్ల రంగులు మెరుగవుతాయి, కాదనను, కానీ మీ దగ్గర ఇప్పటికే మంచి బ్లూ-రే ఉంటే మళ్లీ కొనేంత తేడా చాలావాటిలో ఉండదు. చూడండి, కొత్త సినిమాకంటే పాత సినిమాకే 4కే ఎక్కువ మేలు చేస్తుంది, ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు.

పాతవాటితో ఒక ప్రమాదం కూడా ఉంది. ఫిల్మ్‌లో సహజంగా ఉండే గ్రెయిన్‌ని, అంటే సన్నటి ఇసుక రేణువుల్లాంటి చుక్కల్ని, లోపం అనుకుని కొన్ని సంస్థలు దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తాయి. గ్రెయిన్‌తో పాటు చర్మం మీది గీతలు, బట్ట నేత, జుట్టు పోగులు కూడా పోయి మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. మనకి ఇష్టమైన సినిమాకి ఇలా జరిగితే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే అది తీసినవాళ్లు చూపించాలనుకున్న బొమ్మ కాదు. కాబట్టి కొనేముందు ఆ ఫలానా ఎడిషన్ రివ్యూ చదవండి. నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేశారా, గ్రెయిన్ ఉంచారా, ఈ రెండూ తెలుసుకుంటే చాలు.

స్ట్రీమింగ్‌లో 4కే వస్తుండగా డిస్క్ ఎందుకు అనేవాళ్లకి కూడా ఒక మాట. 4కే అనే పేరు రెండుచోట్లా ఒకటే, లోపలి సరుకు ఒకటి కాదు. నెట్‌ఫ్లిక్స్ 4కే చూడటానికి సెకనుకి 15 మెగాబిట్ల (15 ఎంబీపీఎస్) కనెక్షన్ చాలంటుంది. 100 జీబీ డిస్క్ మీద నుంచి సెకనుకి గరిష్ఠంగా 128 మెగాబిట్ల వరకు రావచ్చు. మాటలతో నడిచే సన్నివేశంలో ఈ తేడా పెద్దగా తెలియదు. వర్షం, పొగమంచు, ఎగిరే ధూళి, చీకట్లో పరుగులు వచ్చినప్పుడు స్ట్రీమింగ్‌లో బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, డిస్క్‌లో నిలబడుతుంది. శబ్దంలో తేడా ఇంకా ఎక్కువ. డిస్క్‌లో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే ఫార్మాట్లలో శబ్దం ఏమీ పోగొట్టకుండా వస్తుంది, స్ట్రీమింగ్‌లో అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే శబ్దం) సాధారణంగా కుదించిన రూపంలోనే వస్తుంది. అయితే టీవీ స్పీకర్లతోనే వినేవాళ్లకి ఈ చివరి మాట వర్తించదు.

పైగా స్ట్రీమింగ్‌లో సినిమా ఈ నెల ఉంటుంది, హక్కుల గడువు అయిపోతే వచ్చే నెల ఉండదు. డిస్క్ మీ షెల్ఫులో ఉంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాకు ఇది బొమ్మ నాణ్యతంత ముఖ్యం.

ఇప్పుడు ప్లేయర్ ఎందుకు త్వరగా కొనమంటున్నానో చెప్తాను. తయారుచేసేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. ఒప్పో 2018లో ఆపేసింది, శామ్‌సంగ్ 2019లో అమెరికాకి కొత్త మోడళ్లు తేనంది, ఎల్‌జీ 2024లో వదిలేసింది. ప్రధానంగా మిగిలింది సోనీ, పానాసోనిక్. డిస్కులు ఇంకా వస్తూనే ఉన్నాయి, కానీ మంచి ప్లేయర్లు ఎంతకాలం దొరుకుతాయో చెప్పలేం. ఇంకో ఫార్మాట్ వచ్చి దీన్ని పక్కకి నెడుతుందేమోనని కొందరికి టెన్షన్. 2006లో బ్లూ-రేకి పోటీగా దిగిన హెచ్‌డీ డీవీడీని 2008 ఫిబ్రవరిలో తోషిబా మూసేసినప్పుడు అవి కొన్నవాళ్లు ఇరుక్కుపోయారు కాబట్టి ఆ భయం న్యాయమే. ఈసారి మాత్రం 4కే డిస్కుకి అలాంటి పోటీ ఫార్మాట్ లేదు, 8కే సినిమా డిస్కులు మార్కెట్లోకి రాలేదు.

4కే ప్లేయర్ మీ పాత డీవీడీలని, బ్లూ-రేలని కూడా ఆడిస్తుంది, అందుకే ప్లేయర్ మార్చినంత మాత్రాన ఏదీ పారేయాల్సిన పని లేదు. పాత బ్లూ-రే ప్లేయర్ మాత్రం 4కే డిస్క్‌ని చదవలేదు. గేమింగ్ కన్సోల్ ఉన్నవాళ్లు ముందు దాన్ని చూసుకోండి: డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కే డిస్కులు ఆడిస్తాయి, పేరులో ప్రో అని ఉన్నా ప్లేస్టేషన్ 4 ప్రో ఆడించదు. డిస్క్‌లోని డాల్బీ విజన్ (హెచ్‌డీఆర్‌లో ఒక రకం) కావాలంటే కన్సోల్ కుదరదు, విడి ప్లేయరే తీసుకోవాలి. కంప్యూటర్‌లో చూద్దామనే ఆలోచన మానుకోండి, దీనికి అవసరమైన ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటుని ఇంటెల్ తన కొత్త తరం డెస్క్‌టాప్, లాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి తీసేసింది. ప్లేయర్‌కీ టీవీకీ మధ్యలో ఏవీ రిసీవర్ (స్పీకర్లని నడిపే పెట్టె) ఉంటే అది కూడా హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతిని అనుమతించేదై ఉండాలి, లేకపోతే బొమ్మ రాకపోవచ్చు, వచ్చినా 4కేలో రాదు. బ్లూ-రేలకి ఉండే రీజియన్ గొడవ 4కే డిస్కులకి లేదు, ఏ దేశంలో కొన్నదైనా ఆడుతుంది. కానీ అదే పెట్టెలో వచ్చే మామూలు బ్లూ-రేకి రీజియన్ లాక్ ఉండొచ్చు.

కొనడం మొదలుపెడితే మీరు మళ్లీ మళ్లీ చూసే సినిమాల దగ్గర మొదలుపెట్టండి, అందులోనూ మీ దగ్గర డీవీడీగా మాత్రమే ఉన్నవి ముందు. ఒకసారి చూసి పక్కన పెట్టేవి అద్దెకో స్ట్రీమింగ్‌లోనో చూస్తే సరిపోతుంది. ఆ తర్వాత కూడా పాత డీవీడీని ఇచ్చేసే ముందు అందులోని కామెంటరీ, మేకింగ్ వీడియోలు కొత్త డిస్క్‌లో ఉన్నాయో లేదో సరిచూడండి, హక్కుల సమస్యల వల్ల అవి చాలాసార్లు కొత్త ఎడిషన్‌లోకి రావు. మళ్లీ ఎప్పుడూ విడుదల కాని సినిమాలు, సీరియళ్లు డీవీడీలో ఉంటే అవి అసలు వదులుకోకండి.