కువైట్ బోల్టు

ఓ శుక్రవారం నాన్న వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాడు. మాటల్లేవు. 40 సెకన్లపాటు గుయ్యిమంటూ ఒకటే రొద. ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, బండి నడుపుతూ రికార్డు చేశాడట. కువైట్లో మా గదిలో ఆరుగురం, అంతా గోదావరి జిల్లాలవాళ్ళమే. గ్యారేజీలో పనిచేసే పాలకొల్లు తమ్ముడు ఫోను చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నాడు. "ఇంజను కాదన్నా. గేరు మార్చినా రొద మారట్లేదు, బండి నెమ్మదిస్తే తగ్గుతోంది. చక్రం బేరింగులు."

ఊళ్ళో మెకానిక్కూ అదే చెప్పాడు గానీ, ఓ గంట సుత్తితో బాది, "రావట్లేదు మావయ్యగారూ, హబ్బుతో సహా మార్చేయాలండి" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "మా అబ్బాయొస్తాడు, వాడు చూస్తాడు" అని ఆ పాత సీడీ 100 బైకుని పాకలో పెట్టేశాడు. నేనేమో మెకానిక్‌ని కాను. 13 ఏళ్ళుగా నా పని స్లాబుకి కంతలు పెట్టి, లోపల విచ్చుకుని పట్టేసే యాంకర్ బోల్టులు బిగించి, ఏసీ డక్టులు వేలాడదీయడం. రోజంతా తల పైకెత్తే ఉండాలి, కళ్ళల్లో సిమెంటు దుమ్ము. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. మాది స్లాబు కింద పని కాబట్టి అది మాకు వర్తించదంటారు. ఏసీలు పెట్టేవాడికి ఏసీ ఉండదు. ఇదంతా నాన్నకి తెలీదు. కువైట్లో ఉంటే అన్నీ వచ్చేస్తాయని ఆయన లెక్క.

40 రోజుల సెలవులో మూడో రోజే చక్రం విప్పాను. యాక్సిల్ లాగి వేలితో తిప్పితే బేరింగు తిరగలిలా గరగరమంది. 2022 జూలై వరద పుణ్యం. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మా లంకలో ఈ బండి మూడు రోజులు ఇరుసు మునిగేదాకా నీళ్ళలో నిలబడింది. తర్వాత ఇంజనాయిలు మార్చారు, ప్లగ్గు మార్చారు, చక్రాల జోలికి ఎవరూ పోలేదు.

హబ్బులో, అంటే చక్రం నడిమి గుండ్రటి భాగంలో, బేరింగులు రెండు, ఇటొకటి అటొకటి. మధ్యలో స్పేసర్ అని చిన్న ఇనప గొట్టం. మామూలుగా ఆ గొట్టాన్ని కాస్త పక్కకి నెట్టి, అవతలి బేరింగు లోపలి రింగు అంచు దొరకబుచ్చుకుని, రాడ్డుతో చుట్టూ కొట్టుకుంటూ వస్తే ఊడుతుంది. ఇక్కడ గొట్టం తుప్పుతో బిగుసుకుపోయింది. రాడ్డు ఆనడానికి అంచే లేదు. రాత్రంతా డీజిల్ పోసి ఉంచినా కదల్లేదు.

పొద్దున్న అరుగు మీద టీ తాగుతూ ఆ బేరింగు వైపే చూస్తున్నాను. 6301 అని చెక్కి ఉంది, లోపలి కంత 12 మిల్లీమీటర్లు. ఈ కొలత కంతలు నేను ఎన్ని వేలు పెట్టి ఉంటాను!

రాజోలు వెళ్ళి కొత్త బేరింగులతోపాటు 12 మిల్లీమీటర్ల కంతకి పట్టే యాంకర్ బోల్టు కొన్నాను. దాని తొడుగు బేరింగు లోపలి రింగులోకి దూర్చి నట్టు బిగిస్తే, గోడలో విచ్చుకున్నట్టే అక్కడా విచ్చుకుని పట్టేసింది. అమ్మ మరిగించిన నీళ్ళు హబ్బుకి గుడ్డ చుట్టి పోశాను. హబ్బు అల్యూమినియం, బేరింగు ఉక్కు. అదే వేడికి అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక పట్టు వదులుతుంది. అవతలి వైపునుంచి గొట్టంలోకి రాడ్డు దించి బోల్టు కొస మీద కొట్టాను. ఆ కొస గరాటు ఆకారంలో ఉంటుంది. కొట్టేకొద్దీ తొడుగులోకి దిగి ఇంకా గట్టిగా బిగుస్తుంది. ఏడో దెబ్బకి 'టక్' మని బేరింగు కింద పడింది. వెనకే గొట్టం. రెండోది మూడు దెబ్బలకే వచ్చేసింది.

కొత్త బేరింగులు అప్పటికే కవరులో చుట్టి ఫ్రీజరులో, అమ్మ నాకోసం దాచిన పులస ముక్కల పక్కన పెట్టి ఉన్నాయి. చల్లబడితే కాస్త కుంచించుకుని సులువుగా కూర్చుంటాయి. పాత బేరింగు అడ్డం పెట్టి, బయటి రింగు మీదే దెబ్బ పడేలా రెండూ దించేశాను. అప్పుడు వచ్చాడు నాన్న, తుప్పు గొట్టం చేత్తో పట్టుకుని.

"ఒరేయ్, ఇదెక్కడిదిరా?"

స్పేసర్ పెట్టకుండా రెండో బేరింగు దించేశాను! అది లేకుండా యాక్సిల్ బిగిస్తే లోపలి రింగులు ఒకదానివైపొకటి నొక్కుకుపోయి నెల తిరక్కుండా మళ్ళీ అదే రొద. మళ్ళీ బోల్టు, మళ్ళీ రాడ్డు. అలా లోపలి రింగు పట్టి ఊడగొట్టినప్పుడు దెబ్బంతా బేరింగు లోపలి గోళీల మీద పడుతుంది కాబట్టి కొత్తదైనా ఆ బేరింగు పనికిరాదు. ఇంకోదానికోసం మళ్ళీ రాజోలు. నాన్న వెనక సీట్లో కూర్చుని దారంతా ఏమీ అనలేదు. అదే బాధ.

సాయంత్రం మెకానిక్ వచ్చి బోల్టుని అటూ ఇటూ తిప్పి చూసి పట్టుకుపోయాడు. మొన్న ఫోను చేశాడు. "తమ్ముడూ, ఈసారొచ్చేటప్పుడు సెంటు సీసాలూ అవీ వద్దులే. ఆ కువైట్ బోల్టులు ఓ నాలుగు పట్రా." అది రాజోలులోనే కొన్నానని చెప్పినా వినడే. "ఆయ్, ఇక్కడివి అంత పట్టవులే" అన్నాడు. నాలుగు కొని పెట్టెలో వేశాను.