రెండు వారాలు మించిన దగ్గు

రెండు వారాలు మించి దగ్గు ఉంటే టీబీ ఏమో, తెమడ పరీక్ష చేయించుకోండి. ఈ మాట నేను ఇరవై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పాను. తెలుగులో చెప్పాను, ఒడియాలో చెప్పాను, నాకొచ్చిన నాలుగు సవర ముక్కల్లోనూ చెప్పాను. తీరా నాకే దగ్గు వస్తే మూడు నెలలు సిరప్ తాగుతూ కూర్చున్నాను. ఇప్పుడు భయం పోయింది కాబట్టి రాస్తున్నాను. కోపం కొంచెం మిగిలింది, అందుకూ రాస్తున్నాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నేను పుట్టింది కాశీనగరం. హైస్కూలు చదువు కోసం పర్లాకిమిడిలో అమ్మమ్మ ఇంట్లో ఉండి, సెలవొస్తే నౌపడా గుణుపురం చిన్న రైలెక్కి ఇంటికి వెళ్లేదాన్ని. ఆ రైలు ఎంత నెమ్మదంటే మగపిల్లలు దిగి రేగుపళ్లు ఏరుకుని మళ్లీ ఎక్కేవారు. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేశారు గానీ నాకు రైలంటే ఇప్పటికీ అదే. 1989లో మెట్రిక్ పాసయ్యాను, సెకండ్ డివిజనే. అయితే ఆ ఏడాది ఒక్క రోజు కూడా బడి మాననందుకు హెడ్మాస్టరు గారు నాకొక స్టీలు గిన్నె బహుమతిగా ఇచ్చారు. అడుగున నా పేరు ఒడియాలో చెక్కించి మరీ ఇచ్చారు. ఆ గిన్నె సంగతి మళ్లీ వస్తుంది.

కాలేజీకి పంపలేదు. ఆడపిల్లకి ఈ చదువు చాలన్నారు నాన్న, నేనూ ఏడవలేదు. 1993లో పెళ్లయింది. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. 1995లో అమ్మాయి పుట్టింది, మరుసటి ఏడు అంగన్‌వాడీలో చేరాను, 1999లో అబ్బాయి. మా అత్త దృష్టిలో అది ఉద్యోగం కాదు, ‘ఊరి పిల్లలకి వంట’. పిల్లల్ని తూచడం, గుడ్లు లెక్కపెట్టడం, ఛతువా అనే పోషకాహార పిండి పాకెట్లు పంచడం, పల్స్ పోలియో ఆదివారాలు, 2011 నుంచి గర్భిణులకి, బాలింతలకి డబ్బిచ్చే మమతా పథకం ఫారాలు, వీటి మధ్య ఏళ్లు ఎలా గడిచాయో తెలీదు. జ్వరం వచ్చినా వెళ్లేదాన్ని. అత్తకి తుంటి ఎముక విరిగినప్పుడు కూడా పొద్దున్నే వంట చేసి, ఆవిడకి ఒళ్లు తుడిచి, తొమ్మిదికల్లా సెంటర్ తాళం తీశాను. మానకపోవడమే నా గొప్ప. అందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు, గిన్నె ఇచ్చిన హెడ్మాస్టరు గారు తప్ప.

2018 జూలైలో దగ్గు మొదలైంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి జాకెట్టు తడిసిపోయేది. ఆకలి చచ్చిపోయింది. ఈ లక్షణాలన్నీ ఉన్న పోస్టరు నా సెంటర్ గోడ మీదే ఉంది, నేనే అతికించాను. టౌనులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. పేరు రాయను. మూడుసార్లూ నేను కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఆయన పెన్ను తీశాడు. ‘ఛతువా దుమ్ము, ఎలర్జీ’ అన్నాడు. ఎక్స్‌రే లేదు, తెమడ పరీక్ష మాటే లేదు. ఆయన మీద నాకిప్పటికీ కోపమే. కానీ ఎలర్జీ అనగానే నా ప్రాణం ఎంత తేలికపడిందో నాకు తెలుసు. అప్పుడు మా అమ్మాయికి పాతపట్నం సంబంధం నడుస్తోంది. వాళ్లకి నచ్చింది, కట్నం దగ్గర కొంచెం బేరం జరుగుతోంది. ఆ టైములో తల్లికి టీబీ అంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అక్టోబరు 10, బుధవారం. దసరా నవరాత్రులు ఆ రోజే మొదలయ్యాయి. మధ్యాహ్నం నుంచే వాన. తుఫాను వస్తోందని, దాని పేరు తిత్లీ అని టీవీలో చెబుతూనే ఉన్నారు, కరెంటు పోయేదాకా. బస్తాల మీద టార్పాలిన్లు కప్పాలని ఓనరు పిలిస్తే మా ఆయన మిల్లుకి వెళ్లాడు. ఇంట్లో నేను, అత్త, అమ్మాయి. అబ్బాయి బరంపురం హాస్టల్లో ఉన్నాడు. అర్ధరాత్రి దాటాక గాలి మారింది. అంతవరకూ విసురుగా వీచింది కాస్తా ఒక్కసారిగా అరవడం మొదలెట్టింది. వెనకగది పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతున్న చప్పుడు. కొబ్బరిచెట్టు ఎటు పడుతుందో తెలీదు. ముగ్గురం నడిమింట్లో మంచం కిందకి దూరాం.

అక్కడే దగ్గు తెర వచ్చింది. చీకట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే వెచ్చగా తగిలింది. వాననీళ్లు చల్లగా ఉంటాయి కదా, ఇది వెచ్చగా ఉంది. అమ్మాయి సెల్‌ఫోన్ లైటు వేసింది. అర చెయ్యి నిండా ఎర్రగా, నురగతో. అది కెవ్వుమంది. సెల్‌లో సిగ్నల్ లేదు, ఉన్నా ఆ గాలిలో ఏ అంబులెన్సు వస్తుంది?

మా అత్త నన్ను మంచం కింద నుంచి లాగి గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ‘ఎన్నాళ్లనుంచే ఇది?’ అంది. ఇదే మొదటిసారి అన్నాను. ‘పడుకోకు. పడుకుంటే గొంతుకి అడ్డం పడతాది. కూకో’ అని, ఇత్తడి చెంబు తెచ్చి నా గడ్డం కింద పట్టుకుంది. తుంటి విరిగి ఇనుప రాడ్డు వేసిన మనిషి, డెబ్బై దాటినావిడ, తెల్లారేదాకా ఆ చెంబు పట్టుకుని నా పక్కనే ఉంది. మధ్యలో ఒకసారి తలుపు గడియ ఊడబోతే అమ్మాయి వెళ్లి వీపు ఆనించి నిలబడింది. మరో రెండుసార్లు రక్తం పడింది. నేను దేవుణ్ణి తలుచుకోలేదు. నిజం చెప్తున్నాను. సెంటర్లో ఇరవై మూడు మంది పిల్లలు. వాళ్ల పేర్లు హాజరు పట్టీ వరసలో తలుచుకున్నాను. వాళ్ల మొహాల మీద మొహం పెట్టి మూడు నెలలు పాటలు పాడించాను.

తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటిందని తర్వాత తెలిసింది. మా ఆయన పది గంటలకి వచ్చాడు, పడిపోయిన చెట్ల మీంచి ఎక్కి దిగుతూ. బస్తాలు తడవలేదని మొదట చెప్పాడు, తర్వాత చెంబు చూశాడు. ఆ మాట మీద ఇప్పటికీ దెప్పుతాను, పాపం ఏమీ అనడు. అంత జరిగినా మాకే కష్టం వచ్చిందని అనుకోలేం. మా జిల్లాలోనే బరఘరా దగ్గర వాన నుంచి తప్పించుకుందామని గుహలోకి వెళ్లిన వాళ్ల మీద కొండచరియ పడింది.

రోడ్లు బాగయ్యాక ఆసుపత్రికి వెళ్లడం, తెమడ ఇవ్వడం, ఎక్స్‌రే, మళ్లీ తెమడ, అదంతా వదిలేస్తాను. చెప్పాల్సింది రిపోర్టు రోజు సంగతి. హాలు నిండా తుఫాను దెబ్బలు తగిలినవాళ్లు, జ్వరాలవాళ్లు. కౌంటర్ దగ్గరి మనిషి కాగితం పైకెత్తి ఒడియాలో అరిచాడు, ‘టీబీ వచ్చిన అంగన్‌వాడీ దిదీ ఎవరు? ఇటు రా!’ హాలంతా తిరిగి చూసింది. మూడో బెంచీ మీద, తలకి కట్టుతో, మా పాతపట్నం సంబంధం తెచ్చిన పెద్దమ్మ కూర్చుని ఉంది. నేను లేవలేదు. అతను రెండోసారి అరిచాడు. అప్పుడు లేచాను.

సంబంధం నాలుగో రోజుకి పోయింది. వాళ్లు కారణం చెప్పలేదు, మేం అడగలేదు. మా అమ్మాయి మాత్రం, ‘పోతే పోయిందిలేవే, ఆ పిల్లాడు మాట్లాడుతున్నంతసేపూ సెల్ చూసుకున్నాడు’ అంది. నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే అందో ఇప్పటికీ చెప్పదు.

మందు ఆరు నెలలు. నేను అప్పటికి 41 కిలోలు, ఆ బరువుకి రోజూ మూడు మాత్రలు, అన్నీ ఉచితం. పౌష్టికాహారానికని అప్పట్లో నెలకి 500 రూపాయలు ఖాతాలో వేసేవారు, నాకు మూడు నెలలవి కలిపి ఒకేసారి పడ్డాయి. మొదటి రెండు నెలలు నరకం. వాంతులు, కీళ్ల నొప్పులు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, ఎవరైనా కొత్తగా మొదలెడితే కంగారుపడకండి, అది మందు రంగు. కళ్లు పచ్చబడితే మాత్రం ఆ రోజే వెళ్లి చెప్పండి. రెండు నెలలకి దగ్గు పోయి ఒళ్లు తేలికవుతుంది, సరిగ్గా అప్పుడే మానెయ్యాలనిపిస్తుంది. మానకండి. మందులిచ్చే నర్సమ్మ నేను ఒక్క రోజు ఆలస్యమైనా ఫోన్ చేసి తిట్టేది. ఆవిడ తిట్లకి నేను రుణపడి ఉన్నాను.

ఇంట్లో మాత్రం తుఫాను రాత్రి చెంబు పట్టుకున్న అదే అత్త, టీబీ అని తెలిసిన సాయంత్రమే నా కంచం, గిన్నె వేరుగా పెట్టింది. వేరుగా పెట్టడానికి ఇంట్లో ఇంకే గిన్నె దొరకనట్టు, పేరున్నదైతే కలిసిపోదని, హెడ్మాస్టరు గారిచ్చిన గిన్నె ఏరి పెట్టింది. గాలి ద్వారా వస్తుంది, కంచాల వల్ల రాదు అని చెప్పాను. ‘నా తమ్ముడు ఇలాగే పోయాడే, నాకు చెప్పకు’ అంది. ముప్ఫై ఏళ్ల కిందటి గిన్నెలో నెలల తరబడి గంజి తాగాను. ఆవిడ మీద కోపమా, ప్రేమా అంటే ఏం చెప్పను.

సెంటర్ పిల్లల్నందరినీ పరీక్ష చేయించారు, ఎవరికీ లేదు. ఆ కబురు విన్న రోజు మాత్రం ఏడ్చాను. అయినా సగం మంది తల్లులు పంపడం మానేశారు. నేనైనా మానేసేదాన్నే. కౌంటర్ మనిషి మీద పళ్లు కొరుక్కుంటూ పడుకున్న ఒక రాత్రి నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట, ఛతువా లైన్లో పాతికమంది ముందు ఒకావిడని నేనే గట్టిగా అడిగాను, ‘మీ ఆయనకి దగ్గు తగ్గలేదటగా, టీబీ ఏమో, తెమడ పరీక్ష చేయించావా?’ అని. మంచికే అడిగాను. ఆవిడ పాకెట్టు తీసుకోకుండానే వెళ్లిపోయి, రెండు నెలలు రాలేదు. పొగరు అని రిజిస్టరు రాసుకుంటూ అనుకున్నాను.

2019 ఏప్రిల్‌లో మందు పూర్తయింది. ఆఖరి పరీక్షలో ఏమీ లేదన్నారు, 49 కిలోలకి వచ్చాను. మే నెలలో ఒక ఆదివారం అరసవల్లి వెళ్లి సూర్యనారాయణస్వామికి మొక్కు తీర్చుకున్నాం. ఆ రాత్రి తలుచుకోకపోయినా ఆయన ఏమీ అనుకోలేదనే అనిపించింది. దర్శనం అయ్యాక అత్త ప్రసాదం తన దొన్నెలోంచే తీసి నా నోట్లో పెట్టింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

జూన్‌లో సెంటర్ తాళం మళ్లీ నేనే తీశాను. పదకొండు మంది పిల్లలు వచ్చారు. ఛతువా పంచే రోజు లైన్లో ఆవిడ కూడా ఉంది, చంకలో మనవరాలు. జుట్టు నెరిసింది. దగ్గరికొచ్చి, లైనంతా వినేటట్టు, ‘దిదీ, దగ్గు తగ్గిందా?’ అంది.

‘తగ్గింది’ అన్నాను, నేనూ గట్టిగానే. ‘ఆర్నెల్లు మందు మింగాను.’

ఆవిడ తల ఊపి పిల్లని తూకం ఉయ్యాల్లో వేసింది. పధ్నాలుగు నెలల పిల్ల, 8 కిలోల 200. రాసుకున్నాను.