చెకుముకితో కుస్తీ, మూడో నెల

డిసెంబర్‌లో అనంతగిరి కొండల దగ్గర, అడవిలో సొంతంగా గడపడం నేర్పే రెండు రోజుల కోర్సుకు వెళ్ళాను. ముడులు, టార్పాలిన్ గూడు, నీళ్ళు, నిప్పు అన్నీ నేర్పారు. ఫెర్రో రాడ్‌తో, అంటే గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీతో, రెండు గీతలకే మంట వచ్చింది. ఊళ్ళో పెదనాన్నకు గొప్పగా చూపిస్తే, "మా తాత చుట్ట ముట్టించుకున్నది ఇట్లనే కదరా. రాయికి పైసలు మాత్రం పెట్టలేదు" అన్నాడు. అప్పటినుంచి చెకుముకి మీద పడ్డాను.

రాయికి కొదవ లేదు, చేను గట్టు నిండా తెల్ల పలుగురాళ్ళే. పగలగొట్టి పదునైన అంచు తీసుకోవాలి. ఇనుము దగ్గరే రెండు వారాలు పోగొట్టుకున్నాను. స్టెయిన్‌లెస్ కత్తితో ఎంత కొట్టినా రవ్వ రాలలేదు. నిప్పురవ్వ నిజానికి రాయిది కాదు. రాయి అంచు చెక్కేసిన ఇనప పొడి గాలి తగిలి మండుతుంది. అందుకు గట్టి కార్బన్ ఉక్కు కావాలి. అరిగిపోయిన పాత ఆకురాయి (ఇనుమును రాకే ఉక్కు పనిముట్టు) ముక్కతో పని జరిగింది.

రవ్వ పట్టుకోవడానికి మాడ్చిన గుడ్డ చేసుకోవాలి. బూట్ పాలిష్ డబ్బా శుభ్రంగా కడిగి, మూతకు మేకుతో చిల్లు పెట్టి, నూలు గుడ్డ ముక్కలు వేసి బొగ్గుల మీద పెట్టాను. చిల్లులోంచి పొగ ఆగగానే దించాలి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు, తీస్తే లోపలిదంతా అంటుకుని బూడిదవుతుంది. మొదటిసారి వేసిన లుంగీ ముక్కలో పాలిస్టర్ కలిసి ఉన్నట్టుంది, డబ్బాలో నల్లటి ముద్ద మిగిలింది! తర్వాత పాత పంచె చించాను. రవ్వ పడ్డ గుడ్డను విప్పిన కొబ్బరి పీచులో చుట్టి, మెల్లగా ఊదాలి. ఇప్పుడు పదిసార్లకు ఆరుసార్లు అంటుకుంటోంది. మబ్బు పట్టి తేమగా ఉన్న రోజు ఒక్కసారీ రాలేదు.

ఇదంతా దున్నిన చేలో, పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకుని చేస్తున్నాను. రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు రాజేయడం నేరం, పైగా ఆకురాలే కాలం.

నీళ్ళ పాఠం తేలిక. చిల్లగింజను సానరాయి మీద అరగదీసి కుంట నీళ్ళలో కలిపితే తెల్లారేసరికి బురద అడుగుకు దిగింది. తేటపడ్డంత మాత్రాన క్రిములు పోవు కాబట్టి, తెర్లడం మొదలయ్యాక నిమిషం పాటు కాచాను.

వచ్చే నెల కర్రతో కర్ర మథించి నిప్పు పుడుతుందేమో చూడాలి. యజ్ఞాల అరణికి రావి కర్ర వాడతారు కదా, రాలిన ఎండు కొమ్మ ఒకటి తెచ్చి అటక మీద పడేశాను. అరచేతుల బొబ్బలు మానాక మొదలుపెడతాను.