అడగకుండా చేసిన పనిని కొలవడం: నా పరిశోధన అనుభవం

ప్రిన్సిపాళ్ల నాయకత్వ శైలి ఉపాధ్యాయుల స్వచ్ఛంద ప్రవర్తనను, అంటే అడగకుండానే చేసే అదనపు పనిని, ఎలా ప్రభావితం చేస్తుందన్నది నా పీహెచ్‌డీ అంశం. కొలిచే సాధనాలకు కొరత లేదు. నాయకత్వం వైపు పరిశోధకుడు బెర్నార్డ్ బాస్ 1985లో విస్తరించిన పరివర్తనాత్మక (స్ఫూర్తినిచ్చి, ఒక్కొక్కరినీ పట్టించుకుని నడిపే), లావాదేవీ (పనికి తగిన ప్రతిఫలం, తప్పుకు దిద్దుబాటు అన్న లెక్కతో నడిపే) నాయకత్వ భావనలు ఉన్నాయి. ప్రవర్తన వైపు డెనిస్ ఆర్గన్ 1988లో వివరించిన ఐదు కోణాలు ఉన్నాయి: తోటివారికి సాయపడటం, నియమాలు కోరినదానికి మించి నిష్ఠగా పనిచేయడం, చిన్న ఇబ్బందులకు సణగకపోవడం, ఇతరులకు చిక్కులు రాకుండా ముందే జాగ్రత్తపడటం, సంస్థ వ్యవహారాల్లో చొరవ చూపడం.

అయితే ఇవి ఏ సంస్థకైనా వర్తించేలా చెప్పినవి. పాఠశాలకు దగ్గరగా ఉన్నది 2000లో సోమెక్, డ్రాక్-జహావీ చేసిన విభజన. అదనపు ప్రవర్తనను వారు విద్యార్థి పట్ల, సహోపాధ్యాయుల పట్ల, పాఠశాల పట్ల అని మూడుగా చూశారు. దాన్నే ఆధారం చేసుకుని ప్రశ్నావళి రాయడం మొదలుపెట్టాక అసలు చిక్కు బయటపడింది. ఉపాధ్యాయుని విధి ఎక్కడ ముగుస్తుందో, స్వచ్ఛందం ఎక్కడ మొదలవుతుందో ఏ నియామక పత్రంలోనూ స్పష్టంగా ఉండదు. నోటుపుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి దిద్దడం విధి అవుతుందా, వెనుకబడిన పిల్లవాడిని బడి అయ్యాక కూర్చోబెట్టుకోవడం అదనం అవుతుందా అని మా గైడ్ ఒక్కొక్క వాక్యాన్నీ నిలదీసి, సగానికి పైగా కొట్టివేశారు.

అనుమతులు దొరకడం కష్టం కాలేదు. పత్రాలు తిరిగి తీసుకోవడమే కష్టమైంది. ఒక ప్రిన్సిపాల్ ఎంతో మర్యాదగా, నింపిన పత్రాలన్నీ తానే సేకరించి ఇస్తానన్నారు. తన గురించి రాసిన అభిప్రాయాలను తన చేతికే ఇవ్వమంటే ఏ ఉపాధ్యాయుడు నిజం రాస్తాడు? పేరు లేని పత్రాన్ని అంటించిన కవరులో పెట్టి, స్టాఫ్‌రూమ్‌లో ఉంచిన తాళం పెట్టెలో వేయాలనీ, ఆ పెట్టెను నేనే తెరుస్తాననీ ఒప్పించడానికి చాలా మాట్లాడవలసి వచ్చింది.

పరిశోధన దిశను మార్చింది మాత్రం పైలట్ దశలో, అంటే ప్రశ్నావళిని ముందుగా కొద్దిమందితో పరీక్షించినప్పుడు, వచ్చిన ఒక పత్రం. ‘సెలవులో ఉన్నవారి తరగతులను నేను తీసుకుంటాను’ అన్న వాక్యానికి ఎదురుగా ఆ ఉపాధ్యాయురాలు ‘ఎల్లప్పుడూ’ అన్న గడిలో టిక్కు పెట్టి, పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘కాదంటే మర్నాడు గదికి పిలుస్తారు’ అని రాశారు. నా లెక్కల్లో ఆమెకు స్వచ్ఛంద ప్రవర్తనలో పూర్తి మార్కులు పడతాయి! నిర్బంధంతో చేసే ఇటువంటి ‘అదనపు’ పనిని విగోడా-గాడోట్ 2006లోనే ప్రత్యేకంగా చర్చించారు. ఆ ధోరణిలో కొన్ని ప్రశ్నలు చేర్చి, కొందరితో విడిగా ముఖాముఖి మాట్లాడాను.

ఆజ్ఞలతో నడిపే ప్రిన్సిపాళ్ల దగ్గర అదనపు పని తగ్గలేదు. కొన్నిచోట్ల ఎక్కువే కనిపించింది. అక్కడ ముందుగా ఎండిపోయింది మాట. సమావేశంలో టైంటేబుల్ లోపాన్ని ఎత్తిచూపడం, కొత్త పద్ధతిని సూచించడం వంటివి దాదాపు ఆగిపోయాయి. అసలేమీ పట్టించుకోని ప్రిన్సిపాల్ ఉన్నచోట సాయం స్నేహితుల మధ్యే తిరిగేది. ఒక్కొక్కరి పరిస్థితినీ గమనించి మాట్లాడే ప్రిన్సిపాల్ దగ్గరే, సాయమూ సూచనా రెండూ కలిసి కనిపించాయి. పరివర్తనాత్మక నాయకత్వం నేరుగా కాక, నాయకుడిపై నమ్మకం ద్వారా పనిచేస్తుందని పోడ్‌సకాఫ్ బృందం 1990లో చూపినది నా ముఖాముఖిల్లోనూ వినిపించింది. ఉపన్యాసం బాగా ఇచ్చే ప్రిన్సిపాల్‌కన్నా ఇచ్చిన మాట నిలుపుకునే ప్రిన్సిపాల్ గురించే ఉపాధ్యాయులు ఎక్కువగా చెప్పారు.

విశ్లేషణలో మరో అడ్డంకి ఉంది. ప్రిన్సిపాల్‌కూ తనకూ ఒకే వ్యక్తి మార్కులు వేసుకుంటే, ఆ రోజు అతని మనఃస్థితి కూడా ఆ రెండింటి మధ్య లెక్కించే సంబంధంలో (సహసంబంధంలో) కలిసిపోతుంది. అందువల్ల ప్రతి పాఠశాలలో సగంమంది ప్రిన్సిపాల్‌పై ఇచ్చిన సమాధానాలను, మిగిలిన సగంమంది తమ ప్రవర్తనపై ఇచ్చిన సమాధానాలతో పోల్చాను. ఒకే బడిలోని ఉపాధ్యాయులు ఒకరితో ఒకరు పోలి ఉంటారు కనుక వ్యక్తి స్థాయినీ బడి స్థాయినీ విడదీసి లెక్కించే బహుళస్థాయి విశ్లేషణ తప్పలేదు. ఇంత జల్లెడ పట్టాక సంబంధం బాగా బలహీనపడింది కానీ మాయం కాలేదు. అందమైన పెద్ద సంఖ్యకన్నా ఈ చిన్న సంఖ్యే నాకు నమ్మదగినదిగా తోచింది.

పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష అయిన వైవాలో పరీక్షకులు నేరుగా అసలు చోటే పట్టుకున్నారు. చొరవ గల ఉపాధ్యాయులు ఉండటం వల్లనే ప్రిన్సిపాల్ సౌమ్యంగా ఉండగలుగుతున్నారేమో కదా అని అడిగారు. ఒకేసారి సేకరించిన సమాచారంతో అది తేలదని ఒప్పుకున్నాను. ఉపాధ్యాయులు వారే ఉండగా ప్రిన్సిపాల్ మాత్రం మారిన పాఠశాలల్లో, మార్పుకు ముందూ తరువాతా కొలిస్తే కొంతవరకైనా సమాధానం దొరుకుతుందని చివరి అధ్యాయంలో చేర్చి, సవరించిన ప్రతిని సమర్పించాను.